లండన్ గడప తొక్కిన మూడు వ్యాజ్యాలు

1937 మార్చి 23, మంగళవారం. మధ్యాహ్నం వేళ పూరీ స్టేషన్‌లో ఆగిన రైలు మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు మిగిలిపోయింది. ఎవరూ దాన్ని తీసుకెళ్లలేదు. తెరిచి చూస్తే ఏడు ముక్కలుగా నరికిన మనిషి శవం. అతనెవరో తేలడానికి కొన్ని రోజులు పట్టింది. చివరికి భార్య ఆనవాలు పట్టింది. పిఠాపురం మనిషి, నలభై ఏళ్ల వయసు, అక్కడి దివాను దగ్గర బంట్రోతుగా చేసినవాడు.

ముద్దాయిగా నిలబడింది ఆ దివాను అల్లుడు. దివాను కూతురు 1936లో ఈ బంట్రోతు దగ్గర విడతలు విడతలుగా 3,000 రూపాయలు అప్పు తీసుకుంది. వడ్డీ ఏడాదికి నూటికి 18, మన వాడుకలో చెప్పాలంటే నెలకు నూటికి రూపాయిన్నర. ఆ లావాదేవీల చీటీలు, ఉత్తరాలు యాభై దాకా అతని ఇంట్లో దొరికాయి. మార్చి 20న అతనికి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. బాకీ తీరుస్తామని బరంపురం రమ్మన్నారని భార్యతో చెప్పాడు. మర్నాడు రైలు వేళకు ఇంట్లోంచి బయల్దేరాడు. మళ్లీ తిరిగి రాలేదు.

బరంపురం సెషన్స్ జడ్జి దివాను అల్లుడికి ఉరిశిక్ష వేశారు. అప్పీలు పట్నా హైకోర్టుకు వెళ్లింది. తెలుగువాళ్ల కేసు పట్నాకు ఎందుకు వెళ్లిందన్న సందేహం రావచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. ఒరిస్సాకు 1948 దాకా సొంత హైకోర్టు లేదు, పట్నాయే దిక్కు. ఇదే నేరం ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే మద్రాసు జడ్జీలు విని ఉండేవారు. పట్నా హైకోర్టు అప్పీలు కొట్టేసింది. ఇక మిగిలింది లండన్‌లో, డౌనింగ్ స్ట్రీట్‌లో కూర్చునే ప్రివీ కౌన్సిల్ జుడీషియల్ కమిటీ.

ఆ గడప తొక్కడం తేలిక కాదు. క్రిమినల్ కేసుల్లో తాము మామూలు అప్పీలు కోర్టు కామని ఆ పెద్దలు 1887 నాటి డిల్లెట్ కేసు నుంచీ చెబుతూ వచ్చారు. సాక్షిని నమ్మాలా వద్దా, శిక్ష ఎక్కువైందా తక్కువైందా అన్న వాదనలు అక్కడ చెల్లవు. న్యాయవిచారణ పద్ధతే దెబ్బతిని ఘోరమైన అన్యాయం జరిగిందని చూపగలిగితేనే స్పెషల్ లీవ్ ఇచ్చేవారు. ఈ కేసుకు ఆ అనుమతి దొరికింది. 1939 జనవరి 19న లార్డ్ ఆట్కిన్ తీర్పు చదివారు. ‘పాకాల నారాయణస్వామి వర్సెస్ కింగ్ ఎంపరర్’ అన్న పేరుతో మన దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేటికీ చదివే తీర్పు ఇది.

తగవంతా ఒక్క వాంగ్మూలం దగ్గర ఉంది. అరెస్టు కాకముందు ముద్దాయి పోలీసులతో మాట్లాడాడు. చనిపోయిన మనిషి 21వ తేదీ సాయంత్రం తన ఇంటికి వచ్చాడనీ, ఆ రాత్రి బయటి గదిలో పడుకున్నాడనీ, 22 సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడనీ అన్నాడు. అందులో నేరం ఒప్పుకున్న మాట ఒక్కటీ లేదు. కానీ మృతుడు ఆ ఇంటి గడప దాటి లోపలికి వచ్చాడని ముద్దాయి నోటితోనే తేలింది. కింది కోర్టులు రెండూ ఈ మాటను సాక్ష్యంగా తీసుకున్నాయి.

దర్యాప్తులో పోలీసులకు ఎవరైనా చెప్పిన మాటను విచారణలో సాక్ష్యంగా వాడకూడదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్. ప్రాసిక్యూషన్ సాక్షి మాట మారిస్తే ఎదురు చూపించడానికి మాత్రమే వాడుకోవచ్చు. ఆ ‘ఎవరైనా’లో తర్వాత ముద్దాయిగా మారే మనిషి కూడా ఉన్నాడా? దీని మీద మన హైకోర్టుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఆట్కిన్ వంకరటింకర లేకుండా తేల్చేశారు: ఎవరైనా అంటే ఎవరైనా. మాట చెప్పే నాటికి అతని మీద నేరం మోపారా లేదా అన్నది లెక్కలోకి రాదు.

అలాగని ముద్దాయి తరఫు వాదనలన్నీ గెలవలేదు. “మా ఆయన బరంపురం నుంచి ఉత్తరం వచ్చిందని చెప్పి వెళ్లాడు” అన్న భార్య మాటను తీసేయాలని కూడా వాదించారు. ఆ వాదన నిలవలేదు. మనిషి చావుకు దారితీసిన సంఘటనల వరుసలో ఆ ప్రయాణం ఉంది కాబట్టి, బయల్దేరే ముందు అతను చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుందన్నారు. ప్రాణం పోతున్న క్షణంలో చెప్పిందే మరణ వాంగ్మూలం అనుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి. వరకట్న చావుల కేసుల్లో కూతురు పుట్టింటికి రాసిన ఉత్తరాలు మన కోర్టుల్లో సాక్ష్యంగా నిలుస్తున్నాయంటే, వాటి వెనుక పిఠాపురం ఇల్లాలి మాట ఉంది.

పోలీసుల ముందు చెప్పిన మాటను తీసేశారు. మిగిలిన సాక్ష్యం మీద ఉరిశిక్ష నిలుస్తుందా అని చూశారు. నిలవదనిపించింది. శిక్ష రద్దయింది.

అప్పీలు కోర్టు చేసే పని మొత్తం ఇక్కడ కనిపిస్తుంది. చంపిందెవరన్న ప్రశ్నకు డౌనింగ్ స్ట్రీట్ సమాధానం వెతకలేదు. ఈ తీర్పు దేని మీద నిలబడింది, అలా నిలబెట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నవే వాళ్ల ముందున్న ప్రశ్నలు. ఆ ఏడు ముక్కల శవాన్ని గుర్తుపట్టిన ఇల్లాలికి మాత్రం జవాబు దొరకలేదు. ఈ తీర్పు చదివిన ప్రతిసారీ ఆమె గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. అయినా తీర్పు సరైనదేనని నా గట్టి నమ్మకం. పోలీసుల ముందు పలికిన మాటతో ఒకరిని ఉరి తీయగలిగితే, స్టేషన్ మెట్లెక్కిన ఏ పేదవాడికీ భద్రత ఉండదు.

అదే 1939లో అదే ప్రివీ కౌన్సిల్‌కు తెలుగు తీరం నుంచి ఒక సివిల్ అప్పీలు కూడా వచ్చింది. దాని పుట్టుక విశాఖపట్నంలో. 1920లలో అక్కడ ఓడరేవు కడుతున్నారు. చుట్టూ చిత్తడి నేల, దోమలు, మలేరియా. మలేరియా నివారణ పనుల కోసమంటూ 1928లో రేవుకు దక్షిణాన ఉన్న లోవ గార్డెన్స్ భూమిని ప్రభుత్వం సేకరించింది. భూమి చెముడు జమీందారు వైరిచర్ల నారాయణ గజపతిరాజు గారిది. అందులో మంచినీటి ఊట ఉంది.

సాగుభూమికి కట్టే ధర కట్టి చేతులు దులుపుకొంటామంది రెవెన్యూ శాఖ. ఊట నీళ్లను రేవుకూ, అక్కడికి వచ్చే కంపెనీలకూ అమ్ముకోవచ్చు, ఆ విలువ ఎవరు కడతారని రాజావారి వాదన. ఆ నీళ్లు కొనగలిగింది రేవు వాళ్లొక్కరే, భూమి పోయేదీ వాళ్ల అవసరానికే, పోటీకి ఇంకొకరు లేనప్పుడు అదనపు విలువ ఎక్కడిదని ప్రభుత్వం ఎదురు ప్రశ్న వేసింది. మద్రాసు హైకోర్టులో ప్రభుత్వానిదే పైచేయి అయింది. లండన్‌లో లార్డ్ రోమర్ ఆ తీర్పును మార్చారు. కొనేవాడు ఒక్కడే అయినా, ఆ ఒక్కడు సేకరణాధికారం ఉన్నవాడే అయినా, అమ్మడానికి ఇష్టపడే మనిషీ కొనడానికి ఇష్టపడే మనిషీ ఎదురెదురుగా కూర్చుని స్నేహంగా బేరమాడితే తేలే ధరే న్యాయమైన పరిహారం అన్నారు. బలవంతంగా తీసుకునే అధికారం ఉంది కదా అని ధర తగ్గించకూడదు, అత్యవసరం ఉంది కదా అని అమ్మేవాడు పిండుకోనూ కూడదు.

ఇక్కడ భూమి కొలత మీదో, ఊట ఉందా లేదా అన్నదాని మీదో గొడవ లేదు. వాస్తవాలు అందరికీ ఒకటే. వాటికి పెట్టిన కొలమానం తప్పు. సివిల్ అప్పీళ్లలో పైకోర్టు చెయ్యి ఎక్కువగా పడేది అక్కడే. ఇంగ్లండులో భూపరిహారం చట్టం చదివేవాళ్లు ఈ లోవ గార్డెన్స్ తీర్పును ‘ఇండియన్ కేసు’ అనే పిలుస్తారు. విశాఖలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరున్నారో! ఉత్తరాంధ్రలో, అమరావతిలో, ముంపు గ్రామాల్లో పరిహారం కోసం పోరాడిన రైతుల వకీళ్లు కోర్టుల్లో ఎత్తిచూపే సూత్రానికి పుట్టిల్లు యారాడ కొండల పక్కనే ఉంది.

మూడోది గుంటూరు జిల్లాది. ‘పులుకూరి కోటయ్య వర్సెస్ కింగ్ ఎంపరర్’. పల్లెలో రెండు పార్టీల పగ, చెరువు దగ్గర కాపు, రెండు హత్యలు. గుంటూరు సెషన్స్ కోర్టు కొందరికి ఉరి, కొందరికి ద్వీపాంతరం వేసింది, మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. కొట్లాటలో వాడిన బల్లెం గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని ఒక ముద్దాయి పోలీసులకు చెప్పాడు. ఆ వాంగ్మూలంలోనే తాము ఎలా కాపు కాశారో, ఎలా కొట్టి చంపారో కూడా ఉంది. బల్లెం దొరికింది కాబట్టి మాటంతా నిజమేనని మొత్తం సాక్ష్యంగా తీసుకున్నారు. 1946 డిసెంబరులో లండన్‌లో సర్ జాన్ బోమాంట్ దాన్ని రెండుగా విడగొట్టారు. గడ్డివామిలో బల్లెం ఉందన్న ఎరుక అతనికి ఉంది, అంతవరకే చెల్లుతుంది. కాపు కాసి కొట్టి చంపామన్న మాట చెల్లదు, ఎందుకంటే గడ్డివామిలో దొరికింది బల్లెమే గానీ హత్య కాదు. చెల్లని ముక్క తీసేసి మిగిలిన సాక్ష్యంతో శిక్ష నిలుస్తుందో లేదో మళ్లీ చూడమని కేసును మద్రాసుకు తిప్పి పంపారు.

ఈ మూడింటిలోనూ సాక్షుల మొహాలు చూడని జడ్జీలు కాగితాలు చదివి తీర్పులు మార్చారు. అదే అప్పీలు బలం, అదే బలహీనత కూడా. బోనులో నిలబడ్డ మనిషి తడబాటును కింది జడ్జి చూస్తాడు. పైకోర్టుకు చేరే టైపు కాగితంలో ఆ తడబాటు ఉండదు. అందుకే విడుదలైన ముద్దాయి మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లినప్పుడు ఎలా నడుచుకోవాలో 1934లోనే శివ స్వరూప్ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. హైకోర్టు సాక్ష్యం మొత్తం మళ్లీ పరిశీలించవచ్చు. కానీ సాక్షుల్ని కళ్లారా చూసిన జడ్జి అభిప్రాయానికి విలువ ఇవ్వాలి, విడుదలతో ఏమాత్రం బలహీనపడని నిర్దోషి అన్న భావననూ, అనుమానం మిగిలితే ముద్దాయికే మేలు చేయాలన్న హక్కునూ మరవకూడదు. ఆ మాటే నేటికీ మన హైకోర్టులకు దారి చూపుతోంది.

తెలంగాణ కథ వేరు. నిజాం రాజ్యంలో వ్యాజ్యాలు లండన్ వెళ్లేవి కావు, హైదరాబాద్ జుడీషియల్ కమిటీయే ఆఖరి మెట్టు. 1949 అక్టోబరు 10తో భారతదేశం మీద ప్రివీ కౌన్సిల్ అధికారం ముగిసింది. రాజ్యాంగంతో పాటే హైదరాబాద్ కమిటీ అధికారమూ ముగిసి, అన్ని దారులూ ఢిల్లీ సుప్రీంకోర్టులో కలిశాయి. 2024 జూలై 1 నుంచి చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. పాత 162 ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 181. ఆట్కిన్ చెప్పిన అర్థం మారలేదు.

పాకాల నారాయణస్వామికి లండన్ దాకా వెళ్లే దారి దొరికింది. జైల్లో ఉన్న కూలీకి హైకోర్టు దాకా వెళ్లే దారైనా తెలియాలి. తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలనీ, అప్పీలుకు వకీలు లేకపోతే ప్రభుత్వమే పెట్టాలనీ 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకు వెళ్లడానికి గడువు 60 రోజులు, ఉరిశిక్షయితే 30 రోజులే. సివిల్ తీర్పు మీద జిల్లా కోర్టుకు 30, హైకోర్టుకు 90 రోజులు. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని కోరాలి. మీ ఊళ్లో ఎవరికైనా శిక్ష పడి అప్పీలు సంగతి తెలియక ఇంటివాళ్లు తల పట్టుకుని కూర్చుంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి తీసుకెళ్లండి. లేదా 15100కు ఫోన్ చేయించండి.