పంకా ఎప్పుడు ఆగాలి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళ సామెత. రోళ్ళ సంగతి ఏమోగాని, ఆ కార్తెలో ఆలేరు రోడ్డు పక్కన ఒక గంట నిలబడితే లారీలకు ఏమవుతుందో మాత్రం తెలిసిపోతుంది. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారిలో భువనగిరి దాటాక, జనగామ ఇంకా రాకముందు వచ్చే ఊరు ఆలేరు. చుట్టూ రాతిగుట్టలు, ఎర్రమట్టి చెలకలు. మిట్టమధ్యాహ్నం వేళ బరువుతో వచ్చిన లారీ ఒకటి చెట్టునీడ వెతుక్కుని ఆగుతుంది. ముందువైపు నుంచి బుస్సుమని ఆవిరి. క్లీనరు పిల్లవాడు డబ్బా పట్టుకుని బోరింగు దగ్గరికి పరుగు. డ్రైవరు వెనకనుంచి అరుస్తాడు: "మూత ముట్టకురో, చెయ్యి కాలుతది!"

ఏమైందయ్యా అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "బండి గరమైంది." అంతే. కాని ఆ ముక్క వెనక నూట ముప్పై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. మనం బడిలో చదువుకున్న చరిత్రలాగా అందులో రాజులూ కోటలూ లేవు. నీళ్ళ డబ్బాలున్నాయి, బెల్టులున్నాయి, ముఖ్యంగా ఒక పంకా ఉంది. ఆ పంకా కథే ఇది.

ఆలేరు వాళ్ళు మొదట చూసిన దాహంగల యంత్రం లారీ కాదు, రైలు. నిజాం రాజ్యంలో సికింద్రాబాదు నుంచి వరంగల్లు దాకా 1886లో పడిన లైను మీదే ఆలేరు స్టేషను ఉంది. ఆవిరి ఇంజను కడివెలకొద్దీ నీళ్ళు తాగేది. ఆ నీళ్ళే ఆవిరై చక్రాలను తిప్పేవి. నీళ్ళు దానికి అన్నమన్నమాట. మోటారు ఇంజను సంగతి వేరు. దానికి అన్నం పెట్రోలో, డీజిలో. నీళ్ళు మాత్రం జ్వరం వచ్చినవాడి నుదుటిమీద వేసే తడిగుడ్డ. ఇంధనంలోని వేడిలో ఉజ్జాయింపుగా మూడోవంతే పనిగా మారుతుంది. ఇంకో మూడోవంతు పొగగొట్టం వెంట పోతుంది. మిగిలిన వంతును ఇంజను ఒంటిమీదనుంచి ఎప్పటికప్పుడు తీసి బయట పారెయ్యాలి. లేకపోతే లోపలి ఇనుము వ్యాకోచించి, పిస్టను పట్టేసి, బండి అక్కడే కూలబడుతుంది.

ఈ తడిగుడ్డ అవసరం రోడ్డుమీద మొదట బాగా తెలిసొచ్చింది ఒక ఇల్లాలికి. ఆవిడ పేరు బెర్తా బెంజ్. మోటారుబండి కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య. 1888 ఆగస్టులో భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండి తీసి జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణం కట్టింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! దూరం సుమారు 100 కిలోమీటర్లు. మన ఆలేరు నుంచి హైదరాబాదు సుమారు 70, అంతకన్నా ఎక్కువే అన్నమాట. ఆ బండిలో ఇంజను చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోతూ ఉండేవి. ఎన్ని ఆవిరైతే అన్ని మళ్ళీ పొయ్యాలి. దారిలో నీళ్ళు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూ పోయింది ఆ తల్లి. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఆవిడ పుట్టిల్లు చేరింది కాబట్టే ఆ బండి దూరం పోగలదని లోకం నమ్మింది. లారీ ఆపి నీళ్ళకోసం వెతికే డ్రైవర్లందరికీ ఆవిడ పెద్దక్క.

ఆవిరైన నీళ్ళను అలా పారబోసుకుంటూ పోతే ఎన్ని చెరువులు చాలతాయి? అవే నీళ్ళను చల్లార్చి మళ్ళీ వాడుకుంటే? 1900 ప్రాంతంలో విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు తేనెపట్టులాంటి రేడియేటర్ తయారుచేశాడు. దాంట్లో దాదాపు ఎనిమిది వేల సన్నని గొట్టాలు. గొట్టాల చుట్టూ నీళ్ళు, గొట్టాల్లోంచి గాలి. గాలి చాలదని వెనకాల ఒక ఫ్యాను. ఆ కారుకు ఒక వ్యాపారి కూతురి పేరు పెట్టారు, మెర్సిడెస్ అని. వేడిపాలను వెడల్పు పళ్ళెంలో పోసి విసనకర్రతో విసరడం మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు? మేబాక్ చేసిందీ అదే. పళ్ళెం బదులు ఎనిమిది వేల గొట్టాలు పెట్టాడు, అంతే.

ఇక మన రోడ్లమీదికి వద్దాం. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా శాఖ అని పెట్టి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో సర్వీసులు మొదలుపెట్టారు. అదే తర్వాత ఎన్నో పేర్లు మార్చుకుని మనందరి ఆర్టీసీ అయింది. స్కాట్లాండులో చేసిన ఆల్బియన్ బస్సులవి. చల్లని దేశంలో పుట్టి మన ఎండల్లోకి కాపురానికొచ్చిన కోడళ్ళు! స్వాతంత్ర్యం వచ్చాక 1954లో జంషెడ్‌పూర్‌లో టాటావాళ్ళు మెర్సిడెస్ బెంజ్ లారీలు తయారుచెయ్యడం మొదలెట్టారు. బెర్తా ఇంటిపేరు మన పల్లె రోడ్లమీద తిరగడం అలా జరిగింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక నక్షత్రం గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. మద్రాసు ఎన్నూరు నుంచి అశోక్ లేలాండ్ లారీలు ఎలాగూ ఉన్నాయి. మూటలైనా, ఇటుకలైనా, పత్తి అయినా ఈ లారీలే మోశాయి.

ఆ పాత లారీల్లో ఫ్యాను ఇంజనుకు బెల్టుతోనో, నేరుగానో బిగించి ఉండేది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరగాల్సిందే. ఇక్కడే ఉంది చిక్కంతా. బండి ఒక చోట నిలబడి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు గాలి కావాలి. అప్పుడు ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. మంచి రోడ్డుమీద వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే ధారాళంగా తగులుతుంది. అప్పుడు ఫ్యాను రివ్వుమని తిరుగుతుంది. అవసరానికి లేని చుట్టం, అవసరం తీరాక వారం రోజులు మకాం వేసినట్టు! పోనీ ఊరికే తిరుగుతుందా అంటే అదీ కాదు. ఫ్యాను వేగం రెండింతలైతే అది తినే శక్తి ఎనిమిదింతలవుతుంది. పెద్ద ఇంజను ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే ఇరవై, ముప్పై గుర్రాల శక్తి మింగెయ్యగలదు. రహదారిమీద నడిచే బండికి ఫ్యాను నిజంగా కావలసివచ్చేది మొత్తం కాలంలో పదోవంతు కూడా ఉండదని ఆ పనిలో ఉన్నవాళ్ళు చెప్పే లెక్క. మిగిలిన తొమ్మిది వంతులూ డీజిలు పోసి గాలికి గాలి విసురుతున్నామన్నమాట.

వెనకటి కచేరీలలో పంకా లాగే మనిషి ఉండేవాడు. దొరగారికి చెమట పడితే గట్టిగా లాగేవాడు, చల్లబడితే చెయ్యి కాస్త సడలించేవాడు. ఇంజను దగ్గర అలాంటి తెలివిగల మనిషిని ఎలా పెట్టడం? ఇందుకు జవాబే ఫ్యాను క్లచ్చు.

చూడటానికి చిన్న అల్యూమినియం డబ్బీ. ముందువైపు సాంబ్రాణి చుట్టలాంటి ఒక లోహపు చుట్ట. ఆ చుట్టలో వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలు అతికి ఉంటాయి. ఈ ఉపాయం పద్దెనిమిదో శతాబ్దపు జాన్ హారిసన్‌ది. వడ్రంగం చేసుకుంటూ గడియారాలలోకి దిగిన ఆంగ్లేయుడు. ఎండకూ చలికీ తప్పు టైము చూపని ఓడ గడియారం కోసం రెండు లోహాల పట్టీ కనిపెట్టాడు. అది పెట్టిన మూడో గడియారం 1759 నాటికి పూర్తయింది. సముద్రంమీద టైము చూసుకోవడానికి పుట్టిన పట్టీ ఇప్పుడు లారీ ముక్కుమీద కూర్చుని వేడి చూస్తోంది!

డబ్బీ లోపల చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. ఇదేమో రెండో ప్రపంచ యుద్ధం బిడ్డ. 1943లో పుట్టిన డౌ కార్నింగ్ కంపెనీ ఎత్తున ఎగిరే విమానాల విద్యుత్ సామగ్రిని తడినుంచి కాపాడటానికి సిలికాన్ ముద్ద తయారుచేసింది. వేడెక్కినా పెద్దగా పలచబడకపోవడం ఈ జాతి నూనెల గొప్ప. ఇంజను చల్లగా ఉన్నప్పుడు క్లచ్చులోని నూనె ఒక పక్క గదిలో దాక్కుంటుంది. ఫ్యాను బద్ధకంగా తిరుగుతుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి బాగా వేడెక్కితే చుట్ట మెలి విప్పుకుని చిన్న తలుపు తెరుస్తుంది. నూనె రెండు పళ్ళేల మధ్య గాడుల్లోకి పాకి, తిరిగే పళ్ళెం రెండోదాన్ని తనతో లాక్కుపోయేట్టు చేస్తుంది. ఫ్యాను ఊపందుకుంటుంది. వేడి తగ్గితే తలుపు మూసుకుంటుంది. తీగ లేదు, మీట లేదు, చెప్పే మనిషి లేడు. 1973లో చమురు ధరలు మండిపోయాక ఇలాంటి క్లచ్చులకు పెద్ద లారీల్లో గిరాకీ పెరిగింది. మన దేశంలోనూ టర్బో ఇంజన్ల కాలం వచ్చాక ఇవి మామూలైపోయాయి.

బాగానే ఉంది కదా, మరి ఆలేరు దారిలో ఆవిరి ఎందుకు?

కొన్నేళ్ళు తిరిగాక క్లచ్చులోంచి నూనె కారిపోతుంది. తలుపు తెరిచినా పట్టుకోవడానికి లోపల ఏమీ ఉండదు. ఎండాకాలం, ఎక్కువ బరువు, ఎత్తు రోడ్డు. ముల్లు ఎర్రగీత దాటుతుంది. అప్పుడు రోడ్డు పక్క షెడ్డులో మేస్త్రీ చూసి అంటాడు: "అన్నా, గీ క్లచ్చుతోని పరేషానే. డైరెక్టు చేసేస్తా, రంది లేకుంటది." రెండు రంధ్రాలు పొడిచి బోల్టులు బిగిస్తాడు, లేదా వెల్డింగు పెడతాడు. క్లచ్చు క్లచ్చుగా చచ్చిపోయి, ఫ్యాను ఇంజనుతోపాటే తిరగడం మొదలెడుతుంది. బండి చల్లబడుతుంది. డ్రైవరు దణ్ణం పెట్టి పోతాడు.

చదువుకున్నవాళ్ళు ఇది చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. కొత్త క్లచ్చు ఖరీదు, అది తెప్పించడానికి పట్టే రోజులు, ఆగిన లారీలో ఎండకు కుళ్ళిపోయే సరుకు, ఇవన్నీ కళ్ళముందు పెట్టుకుని ఆ మేస్త్రీ ఒక్క గంటలో ఇచ్చిన ప్రాణభిక్ష అది. ఇల్లు చేరడానికి అంతకుమించిన మందు లేదు.

కాని ఇల్లు చేరాక ఆ బోల్టు తియ్యరు. అదీ బాధ. నెలలు గడిచినా అలాగే తిరుగుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరుకు 4 కిలోమీటర్లు వచ్చే లారీ రోజుకు 300 కిలోమీటర్లు తిరిగితే 75 లీటర్లు కావాలి. ఫ్యాను అందులో నూటికి అయిదు వంతులే తింటుందనుకున్నా రోజుకు నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ. నెలకు వంద లీటర్ల పైమాటే. యజమాని డీజిలు లెక్క అడిగిననాడు మాట పడేది మేస్త్రీ కాదు, డ్రైవరు. "నువ్వేమన్నా అమ్ముకుంటున్నవా?" అనే ప్రశ్న ఒక బోల్టు పుణ్యం. పైగా క్లచ్చును నమ్ముకుని తేలిగ్గా చేసిన ఫ్యాను పూర్తి వేగంలో తిరిగితే రెక్క విరిగి రేడియేటర్‌నే చీల్చవచ్చు. బెల్టుమీదా, బేరింగుమీదా బరువు సరేసరి.

ఇంకో సంగతి. చాలాసార్లు తప్పు క్లచ్చుది కానేకాదు. మన నల్లగొండ ప్రాంతపు బోరునీళ్ళ గుణం అందరికీ తెలిసిందే. పళ్ళను పాడుచేసేది ఫ్లోరైడు, రేడియేటర్‌ను పాడుచేసేది సున్నం. చల్లనీళ్ళ మందు కలపకుండా దొరికిన బోరునీళ్ళే పోస్తూపోతే టీ కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే గొట్టాల్లో తెల్లటి పొర కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. బయటివైపు పత్తినూగూ, వరిపొట్టూ, దుమ్మూ రేకుల మధ్య ఇరుక్కుని గాలినీ రానివ్వవు. ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు విరిగితే విసిరిన వేడిగాలే మళ్ళీ చుట్టుతిరిగి వస్తుంది. ఇన్ని జబ్బులు పెట్టుకుని ఫ్యానును కట్టేస్తే, కారణం వెతక్కుండా రోజూ జ్వరం బిళ్ళ మింగినట్టే.

తెలిసిన మేస్త్రీలు ఏం చేస్తారంటే, ముందు ఇంజను ఆపి, వేడిమీద ఉండగానే ఫ్యానును చేత్తో తిప్పి చూస్తారు. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే నూనె పోయినట్టు. కాస్త బరువుగా తిరిగి ఆగితే క్లచ్చు బతికున్నట్టు. అప్పుడు రేడియేటర్ కడుగుతారు, తొడుగు బిగిస్తారు, లోపలి నీళ్ళు మార్చి మందు పోస్తారు. వీలున్న క్లచ్చు అయితే సిలికాన్ నూనె మళ్ళీ నింపుతారు. కాస్త ముందుగానే తలుపు తెరుచుకునేట్టు చుట్టను సర్దేవాళ్ళూ ఉన్నారు. మన ఎండలకు అది న్యాయమైన మార్పే. ఇవన్నీ అయ్యాక కూడా వేడెక్కితే అప్పుడు అనుమానించండి క్లచ్చును.

మూత సంగతి మరిచిపోయాను. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కరు మూతలాంటిది. లోపల ఒత్తిడి ఉండటంవల్ల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. వేడిమీద మూత తీస్తే ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతాయి. కుక్కరు దించగానే మూత తియ్యకూడదని ప్రతి ఇంట్లోనూ తెలుసు. లారీ కింద పడుకునే క్లీనరు పిల్లవాడికి మాత్రం ఎవరో ఒకరు చెయ్యి కాల్చుకున్నాకే తెలుస్తుంది.

1932లో బస్సు పంకాకు ఆగడం తెలియదు. మనుషులు కష్టపడి, ఒక గడియారం పట్టీ, ఒక విమానం నూనె కలిపి దానికి ఆగడం నేర్పారు. గాలి అవసరంలేనప్పుడు ఊరుకోవడమే దాని విద్య. దారిలో ప్రాణంమీదికి వస్తే ఆ విద్యను కాసేపు బోల్టుతో బంధించవచ్చు, తప్పులేదు. అయితే బిగించిన మేస్త్రీయే డ్రైవరు చేతిలో స్పానరు పెట్టి, "అన్నా, ఇంటికి పోయినంక ఇది విప్పాలె, మర్చిపోకు" అని ఒక్క మాట అంటే చాలు. నెలకు వంద లీటర్ల డీజిలు, ఒక మనిషి పరువు ఆ మాటలో ఉన్నాయి.