డెక్కన్ ఛార్జర్స్ తొలి యేడు

2008 ఫిబ్రవరి 20వ తేదీన ముంబయి నగరములో ఒక పాట జరిగినది. పాట యనగా సంగీతము కాదు, వేలము పాట. కొట్టుగదులు మొదలు తలనీలాల వరకు వేలము వేయుట మన తిరుపతి వారు చూడని వింత కాదు. కాని ఆనాడు పాటకు వచ్చినది సరకు కాదు, పేరుమోసిన క్రికెట్ ఆటగాండ్రు. ఆస్ట్రేలియా దేశస్థుడు ఆండ్రూ సైమండ్స్ 13 లక్షల 50 వేల డాలర్లకు హైదరాబాదు పక్షమున పాట ముగిసినది. ఆ వేలములో అంతకంటె ఎక్కువ పలికినవాడు ధోనీ ఒక్కడే. ఆయనను చెన్నై వారు 15 లక్షల డాలర్లకు దక్కించుకొన్నారు.

దీనికి ఒక నెల ముందే, జనవరి 24వ తేదీన, భారత క్రికెట్ బోర్డు ఎనిమిది పట్టణముల పేర జట్లను నడుపుకొను హక్కును విక్రయించినది. అదియే ఇండియన్ ప్రీమియర్ లీగుకు పునాది. హైదరాబాదు హక్కును డెక్కన్ క్రానికల్ పత్రిక యాజమాన్యము సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొని, జట్టుకు డెక్కన్ ఛార్జర్స్ అని పేరు పెట్టినది. ముంబయి, బెంగుళూరు తరువాత అంత ధర పలికిన పట్టణము మరియొకటి లేదు. అన్నిటికంటె చవుకగా పోయినది జయపురము, 6 కోట్ల 70 లక్షలకు. ఈ రెండు అంకెలను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

అంతకు ముందు మన క్రికెట్ రంజీ పోటీల క్రికెట్. అందు మనకు ఒక జట్టు కాదు, రెండు. హైదరాబాదు జట్టు 1937-38లోనే రంజీ కప్పును గెలిచినది. ఆంధ్ర జట్టు పుట్టినది మాత్రము 1953లో, ఆంధ్ర రాష్ట్రముతో పాటు. 58 యేండ్ల వయస్సులో సి.కె. నాయుడు ఆ తొలి యేడు ఆంధ్ర పక్షమున బ్యాటు పట్టినారు. 1956లో రాష్ట్రములు కలిసినను జట్లు కలియలేదు. చిత్తూరు కుర్రవాడు ఎంత బాగుగా ఆడినను ఆంధ్ర జట్టుకే ఆడవలెను, హైదరాబాదుకు కాదు. కనుక హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్, విశాఖపట్నము వేణుగోపాలరావు ఒకే అంగీ తొడుగుకొని తెలుగుదేశమంతటికి చెందిన జట్టుగా మైదానములోనికి దిగుట అదివరకు లేని సంగతి. 2008లో ఆ జట్టు అడిగిన ప్రశ్న ఇదియే: ఇన్నాళ్లు రెండుగా ఉన్నవారు దీనిని మాది అని అనుకొందురా?

మన జిల్లాకు ఈ ప్రశ్న మరింత చిక్కైనది. చిత్తూరు 1953 వరకు మద్రాసు రాష్ట్రములోని జిల్లా. తిరుపతిలో సప్తగిరి ఎక్కినవాడు నాలుగు గంటల లోపుగా చెన్నైలో దిగును. హైదరాబాదు పోవలెనన్న నారాయణాద్రిలో రాత్రి గడుపవలెను. భాష ఒక వైపు లాగును, దారి మరియొక వైపు లాగును. పైగా చెన్నై జట్టులో ధోనీ! ఈ లాగులాటలో ఇంటికొక పక్షము ఏర్పడిన వీథులు మన వైపు తక్కువ కాదు.

జట్టుకు తొలి నాయకుడు లక్ష్మణ్. ఆయన చేసిన ఒక పనిని ఇక్కడ చెప్పక తప్పదు. టెండూల్కర్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్ వలె తమ తమ పట్టణములకు ముఖ్యులుగా ఎంపికైన వారికి, ఆ జట్టులో అత్యధికముగా పుచ్చుకొను ఆటగానికంటె నూటికి 15 వంతులు ఎక్కువ ఇయ్యవలెనని నియమము. జట్టు మొత్తము ఖర్చు 50 లక్షల డాలర్లకు మించరాదు. తనకు ఎక్కువ ముట్టినచో తక్కినవారికి తక్కువ మిగులునని లక్ష్మణ్ ఆ హోదాను వదలుకొన్నారు. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రీదీ, రోహిత్ శర్మ ఒక్క జట్టున చేరుటకు ఈ త్యాగము కొంత తోడ్పడినది. కాగితము మీద చూచినచో అంతటి జట్టు ఆ యేడు మరొకటి లేదనియే చెప్పవలెను.

ఏప్రిల్ 20న కలకత్తాలో తొలి ఆట. 110 పరుగులకు అందరు ఔటైనారు, ఓడినారు. 22న ఉప్పల్ మైదానములో సొంత ప్రేక్షకుల ముందు తొలి ఆట. ఢిల్లీ పక్షమున సెహ్వాగ్ ఔటు కాకుండ 94 పరుగులు బాదినాడు. తొమ్మిది వికెట్ల తేడాతో మరియొక ఓటమి.

24వ తేదీ ఆట మాత్రము మరచిపోదగినది కాదు. ఎదుట జయపురము వారి రాజస్థాన్ రాయల్స్, నాయకుడు షేన్ వార్న్. సైమండ్స్ 53 బంతులలో 117 పరుగులు తీసి చివరి వరకు నిలిచినాడు. హైదరాబాదు 214. ఇరువది ఓవర్ల ఆటలో అది చిన్న కొండ. యూసుఫ్ పఠాన్, గ్రేమ్ స్మిత్ ఆ కొండను ముక్కాలు మువ్వీసము ఎక్కినారు. చివరి ఓవరులో 17 పరుగులు కావలెను. బంతి సైమండ్స్ చేతిలో, బ్యాటు వార్న్ చేతిలో. వార్న్ ప్రపంచమెల్ల మెచ్చిన బౌలరే గాని, బ్యాటు పట్టి ఆటను గెలిపించునని ఎవ్వరనుకొందురు? ఒక ఫోరు, రెండు సిక్సర్లు! ఒక బంతి మిగిలియుండగనే ఆట ముగిసినది. అంతవరకు ఆటను నిలిపిన చేతులే ఆటను పోగొట్టినవి. నూరు పరుగులు తీసినవాని చేతికి కడపటి ఓవరు ఈయవలసి వచ్చుటలోనే జట్టు బౌలింగు బలహీనత అంతయు తెలియుచున్నదని మా అభిప్రాయము.

27న నవీ ముంబయిలో గిల్‌క్రిస్ట్ 47 బంతులలో 109 పరుగులు తీసి, 12 ఓవర్లలోనే ఒక్క వికెట్టు కూడ పోకుండ గెలిపించినాడు. అది తొలి విజయము. రెండవది మే 6న, అదియు చెన్నైలో, ధోనీ జట్టు మీద, ఏడు వికెట్ల తేడాతో. మన జిల్లాలో ఆ రాత్రి ఎవరు సంతోషించవలెనో తెలియని ఇండ్లు కొన్ని యుండును. అంతే, మూడవ విజయము లేదు. లక్ష్మణ్ గాయపడి తప్పుకొనగా నాయకత్వము గిల్‌క్రిస్ట్‌కు వచ్చినది. సైమండ్స్ తన దేశపు జట్టుతో వెస్టిండీసుకు వెడలిపోయినాడు. పదునాలుగు ఆటలలో పన్నెండు ఓటములు, నాలుగు పాయింట్లు, ఎనిమిదింట ఎనిమిదవ స్థానము. ఉప్పల్‌లో ఆడిన ఏడు ఆటలలో ఒక్కటియు గెలువలేదు. కప్పు గెలిచినదెవరు? అన్నిటికంటె చవుకగా పోయిన జయపురము వారు.

దీనికి మరియొక కారణము కూడ ఉన్నది, దానిని చాలమంది గమనింపలేదు. 2007లో బోర్డు అనుమతి లేకుండ ఇండియన్ క్రికెట్ లీగు అని వేరొక పోటీ నడిచినది. అందు హైదరాబాదు హీరోస్ అను జట్టులో అంబటి రాయుడు మొదలైన స్థానిక యువకులు పలువురు చేరినారు. బోర్డు వారిని బహిష్కరించినది. ఆ హీరోస్ 2008 ఏప్రిల్‌లో లాహోరు జట్టును ఫైనలులో ఓడించి కప్పు గెలిచినారు. అదే నెలలో ఛార్జర్స్ ఓటమి వెంట ఓటమి మూటకట్టుకొనుచుండిరి. ఊరి కుర్రవాండ్రు ఒక గుడారములో, ఊరి పేరు మరియొక గుడారములో! బహిష్కరణ 2009లో తొలగినది గాని, రాయుడు తరువాత చేరినది ముంబయి జట్టులో.

2009లో సార్వత్రిక ఎన్నికల కారణముగా లీగు దక్షిణాఫ్రికాకు తరలిపోయినది. అక్కడ అదే గిల్‌క్రిస్ట్ నాయకత్వమున ఛార్జర్స్ మే 24న జొహానెస్‌బర్గులో బెంగుళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచినారు. ఫైనలులో నాయకుడు సున్నకే ఔటైనను గిబ్స్ 53 పరుగులతో నిలిచినాడు. క్రిందటి యేడు అట్టడుగున ఉన్నవారు ఇట్లు తలకెక్కినారు, కాని సొంత ఊరికి వేలాది మైళ్ల దూరమున. 2010లో తెలంగాణ ఉద్యమము నడుచుచున్నందున ఛార్జర్స్ సొంత ఆటలను కటకము, నాగపూరు, నవీ ముంబయిలలో ఆడవలసి వచ్చినది. తమ ఊరి ఛాంపియన్లను ఆ యేడు ఊరివారు ఉప్పల్‌లో చూడనే లేదు.

2012 సెప్టెంబరులో బోర్డు ఛార్జర్స్ హక్కును రద్దు చేసినది. మరుసటి నెలలో హైదరాబాదు పేర కొత్త జట్టును నడుపు హక్కును సంవత్సరమునకు 85 కోట్ల 5 లక్షల రూపాయలకు కొన్నది సన్ టీవీ సంస్థ. దాని ప్రధాన కార్యాలయము చెన్నైలో ఉన్నది.