షేర్డ్ ప్రిఫరెన్సెస్

షేర్డ్ ప్రిఫరెన్సెస్ అనేది ఆండ్రాయిడ్ నిర్వహణ వ్యవస్థలో వాడుకరి ఎంచుకొన్న అమరికలను భద్రపరచే సౌలభ్యం. భాష, అక్షరాల పరిమాణం, గంట శబ్దం వంటి చిన్న చిన్న ఎంపికలను యాప్‌లు దీని ద్వారా దాచుకొంటాయి. 2008లో విడుదలైన ఆండ్రాయిడ్ తొలి రూపాంతరం నుండి ఇది ఉన్నది.

నిర్మాణం

ప్రతి అమరికకూ ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. ఈ జంటలు ఆ యాప్‌కు చెందిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో నిల్వ ఉంటాయి. ఫైలును మొదటిసారి తెరచినప్పుడు అందులోని విషయమంతా మెమరీలోకి చేరుతుంది. ఆపై యాప్ విలువలను మెమరీ నుండే చదువుతుంది. అందువలన చదవడం వేగంగా జరుగుతుంది. కాని ఒకే సమాచారానికి రెండు నకళ్ళు ఏర్పడతాయి. యాప్ ఆగిపోగానే మెమరీలోని నకలు నశిస్తుంది. డిస్కులోనిది (ఫోనులలో ఫ్లాష్ మెమరీ) నిలిచి ఉంటుంది. ఈ రెండింటినీ ఏకరూపంగా ఉంచడమే ఇక్కడి ప్రధాన సమస్య.

ఉదాహరణకు, ఒక ఉపాధ్యాయుడు హాజరును చిత్తు కాగితంపై గుర్తించుకొని, తరువాత హాజరు పట్టీలోకి ఎక్కిస్తాడనుకొందాం. ఎక్కించేలోగా కాగితం పోతే ఆనాటి హాజరు పోయినట్లే.

కమిట్, అప్లయ్

మార్పులను భద్రపరచడానికి రెండు మెథడ్‌లు ఉన్నాయి.

* కమిట్: మెమరీని మార్చి, డిస్కులో రాయడం పూర్తయ్యే వరకు ఆగుతుంది. పని సఫలమయిందో లేదో తెలుపుతుంది. తెరను నడిపే ప్రధాన త్రెడ్‌లో దీనిని పిలిస్తే తెర కొంతసేపు స్తంభించవచ్చు.
* అప్లయ్: 2010 చివరలో ఆండ్రాయిడ్ 2.3తో వచ్చింది. మెమరీని వెంటనే మార్చి, డిస్కులో రాసే పనిని నేపథ్యంలో జరిపిస్తుంది. ఆ పని విఫలమయినా తెలుపదు.

అప్లయ్ పిలిచిన వెంటనే విలువను చదివితే కొత్తదే కనబడుతుంది. దీనిని బట్టి అది డిస్కుకు చేరిందని భావించరాదు. ఆ స్వల్ప వ్యవధిలో యాప్ హఠాత్తుగా ఆగిపోతే, మరల తెరచినప్పుడు పాత విలువే వస్తుంది. వాడుకరి ఒక తెరను విడిచి వెళ్ళేటప్పుడు మిగిలిన రాతలు పూర్తయ్యే వరకు వ్యవస్థ వేచి ఉంటుంది. ఇది నష్టాన్ని తగ్గిస్తుంది కాని, రాతలు ఎక్కువైతే యాప్ స్పందించకపోవడానికీ కారణమవుతుంది.

ఫైలు రక్షణ

ఏ ఒక్క విలువ మారినా ఫైలు మొత్తం తిరిగి రాయబడుతుంది. రాసే ముందు పాత ఫైలుకు పేరు మార్చి ప్రత్యామ్నాయంగా ఉంచుతారు. కొత్త ఫైలు పూర్తిగా డిస్కుకు చేరిన పిమ్మటే దానిని తొలగిస్తారు. మధ్యలో ఆటంకం కలిగితే, తరువాతిసారి ఆ పాత ఫైలునే వాడుతారు. కనుక చివరి మార్పు పోయినా, అంతకు ముందున్న అమరికలు చెడవు. పలు మార్పులు చేయవలసి ఉన్నప్పుడు అన్నింటినీ కలిపి ఒకేసారి భద్రపరచడం మంచిది.

పరిమితులు

ఒకే ఫైలును అనేక ప్రాసెస్‌లు వాడడానికి ఇది తగదు. ఒకటి చేసిన మార్పు మరొకదానికి తెలియకపోవచ్చు. ప్రత్యామ్నాయంగా గూగుల్ రూపొందించిన డేటాస్టోర్ 1.0 రూపాంతరం 2021లో వెలువడింది. ఇందులో ప్రధాన త్రెడ్‌ను ఆపకుండానే రాత జరుగుతుంది. అది పూర్తయినదీ విఫలమయినదీ యాప్‌కు తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఆండ్రాయిడ్
* ఎక్స్‌ఎమ్‌ఎల్
* ఫ్లాష్ మెమరీ