వర్తకుని లెక్కలు – కంప్యూటరు

చిట్టా, ఆవర్జా ఎరుగని వర్తకుడు మన గ్రామములలో నుండడు. వెనుకటి దుకాణములలో గుమాస్తా దీపము ముందర కూర్చుండి, చిట్టాలోని పద్దులను ఆవర్జాకెక్కించి, నిల్వ కుదిరినగాని లేచెడివాడు కాడు. ఆ పని కంప్యూటరు పాలైన చరిత్రను మనవి చేసెదను.

మొదట నిది గొప్ప సంస్థలకే దక్కిన సౌకర్యము. లండనునందు తేనీటి యంగళ్లు నడపిన లయన్సు కంపెనీవారు లియో యను కంప్యూటరును తామే నిర్మించుకొని, 1951లో రొట్టెల లెక్కలు దానికప్పగించిరి. పాత రేడియోలలోని వాల్వులవంటివి వేలకొలదిగా నందుండెను.

చిన్న వర్తకులకు దారి తెరచినది 1979లో వెలువడిన విసికాల్క్. హార్వర్డులో వాణిజ్యశాస్త్రము చదువుచుండిన డాన్ బ్రిక్లిన్, మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో గూడి దీనిని రచించెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వేసిన లెక్కలో నొక యంకె తప్పినచో తక్కినవన్నియు తుడిచి వ్రాయవలసి వచ్చుచుండెను. విసికాల్కులో నొక గడిలోని యంకె మార్చిన, దానిపై నాధారపడిన మొత్తములన్నియు తమంత తామే మారును. బల్లపై నిలుచు చిన్న యంత్రమే దీనికి చాలును.

మన దేశమున 1986వ సంవత్సరము చెప్పుకొనదగినది. మిల్లులకు ముడిసరకులు, యంత్రభాగములు సరఫరా చేయుచుండిన శ్యాంసుందర్ గోయెంకా, తన లెక్కలకు తగిన సాఫ్టువేరు దొరకక, గణితము చదివిన కుమారుడు భరత్‌ను వ్రాయుమనెను. అదియే పిదప టాలీ యైనది. ఖాతాలను సంకేతాంకములతో గాక పేర్లతోనే పిలువవచ్చును గనుక మన గుమాస్తాకు అది కొత్తగా తోచలేదు. నా దృష్టిలో దాని విజయరహస్య మిదియే. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట కంప్యూటరు నాశ్రయింపక అనేకులకు తప్పలేదు.

ఇంతవరకు ఆవర్జా వర్తకుని యింటనే యున్నది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన సేల్స్‌ఫోర్స్ వంటి సంస్థలు సాఫ్టువేరును అమ్మక, ఇంటర్నెట్టు ద్వారా అద్దెకిచ్చు పద్ధతిని వ్యాపింపజేసినవి. 2006లో గూగుల్ వారు తెచ్చిన లెక్కల పత్రముపై వేర్వేరు ఊళ్లవారు ఏకకాలమున వ్రాయగలిగిరి. నలుగురైదుగురు కలిసి నడపుకొను వ్యాపారమునకు, సరకు గుంటూరులోను బేరగాడు హైదరాబాదులోను ఉన్నప్పుడు, ఇది గొప్ప మేలే. కాని లెక్కలిప్పుడు పరుల యంత్రములలో నున్నవి. అద్దె నిలిచిననాడు వాని గతి యేమి?

ప్రభుత్వము దీనిని కొంత గమనించినది. కంపెనీల లెక్కల ప్రతి యొకటి దినదినము భారతదేశములోని యంత్రములలో నిలువయుండవలెనని 2022లో నియమించిరి. 2023 ఏప్రిల్ 1 నుండి, పద్దును దిద్దినచో ఆ దిద్దుబాటు జాడ చెరగకుండ నుంచు సాఫ్టువేరునే కంపెనీలు వాడవలెను. చిట్టాలో గీకివేత కూడదన్న మన పెద్దల కట్టుబాటే యిది. అయితే యీ నియమములు కంపెనీలకే గాని వీధిచివరి దుకాణదారునికి గావు. ఆతడు తన లెక్కల నకలు నెలనెలకు దింపుకొని యింట నుంచుకొనుట ఆతని యెరుకకే విడువబడినది.