రథం బొమ్మ వెల ఎంత?

మా నాన్నగారు ఛాయాగ్రాహకులు. కోనసీమలోని ఒక చిన్న ఊళ్ళో ముప్పయ్యేళ్ళపాటు స్టూడియో నడిపారు. పెళ్ళిళ్ళు, ఓణీల వేడుకలు, పాసుపోర్టు ఫొటోలు, ఇవే ఆయన జీవనాధారం. ఆయన తీసినవాటిలో వేల ప్రతులుగా అచ్చయిన బొమ్మ ఒక్కటే. 1982 ఫిబ్రవరిలో, భీష్మ ఏకాదశినాడు, అంతర్వేది రథోత్సవంలో తీసినది. ఒక ఎరువుల సంస్థవారు దానిని తమ 1984 నాటి గోడ క్యాలెండరుమీద వేయించుకున్నారు. మా చుట్టుపక్కల ఆ క్యాలెండరు వేలాడని వసారా ఉండేది కాదు. మా ఇంట్లోనూ ఉండేది. దానిమీద సంస్థ పేరుంది, అచ్చువేసినవారి పేరుంది. బొమ్మ తీసినవారి పేరు మాత్రం లేదు. నాన్నగారికి ముట్టినది 75 రూపాయలు.

2020 సెప్టెంబరులో ఆ రథం అగ్నికి ఆహుతైపోయిన సంగతి మీకందరికీ తెలిసినదే. 2021లో కొత్త రథం వచ్చింది. కాని పాత రథాన్ని కళ్ళారా చూసినవారికి దాని బొమ్మమీద మమకారం ఎక్కడికి పోతుంది? కొంతకాలానికి ఆ సంస్థ వారసుల నుండి నాకు ఫోను వచ్చింది. "ఆ బొమ్మ మళ్ళీ క్యాలెండరుకు వేద్దామనుకుంటున్నామండీ. హక్కు ఎలాగూ అప్పుడే కొనుక్కున్నాం. మంచి ప్రతి ఏదైనా ఉంటే పంపుతారేమోనని, మర్యాదకోసం అడుగుతున్నాం" అన్నారు.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. నాన్నగారు అప్పట్లో అమ్మినది ఏమిటి? కాగితమా? బొమ్మా? లేక ఆ బొమ్మను ఎన్నిసార్లయినా అచ్చువేసుకునే హక్కా? ఈ ప్రశ్న వెంట వెళితే నూట ఎనభై ఏళ్ళ చరిత్ర తగిలింది. అందులో కొంత మీతో పంచుకుందామని ఈ టపా.

1839లో ఫ్రెంచి ప్రభుత్వం డాగేర్ కనిపెట్టిన ప్రక్రియను స్వీకరించి, ఆయనకు ఏటా 6000 ఫ్రాంకులు, ఆయన దివంగత భాగస్వామి నియెప్స్ కుమారునికి 4000 ఫ్రాంకులు భృతి ఏర్పాటు చేసింది. ఆ ప్రక్రియలో ఒక రేకుమీద ఒకే బొమ్మ; దానికి నకలు లేదు. కనుక కుండను అమ్మినట్టే బొమ్మనూ అమ్మేవారు. కొన్నవాడిదే కుండ. ఇంగ్లండులో టాల్బట్ 1841లో పేటెంటు పొందిన పద్ధతి దీనికి భిన్నం. అందులో నెగెటివు ఒకటి, దానినుండి ప్రతులు ఎన్నయినా. మన ప్రశ్న పుట్టినది సరిగ్గా ఇక్కడే. ప్రతి ఒకరి చేతిలో, నెగెటివు మరొకరి చేతిలో ఉన్నప్పుడు బొమ్మ ఎవరిది?

1854లో పారిస్‌లో డిస్‌డెరీ చిన్న కార్డుల ఫొటోలకు పేటెంటు తీసుకున్నాడు. అవి ప్రజలలో వ్యాపించాక ప్రసిద్ధుల బొమ్మలు అంగడి సరుకయ్యాయి, వాటితోపాటే దొంగ నకళ్ళూ పెరిగాయి. బ్రిటన్ 1862లోను, అమెరికా 1865లోను ఛాయాచిత్రాలకు కాపీహక్కు కల్పించాయి. అయినా ఒక సందేహం మిగిలింది. యంత్రం తీసిన బొమ్మకు కర్త ఎవరు?

దానికి జవాబు న్యూయార్కులో దొరికింది. 1882 జనవరిలో నెపోలియన్ సరోనీ అనే ఛాయాగ్రాహకుడు తన స్టూడియోలో ఆస్కార్ వైల్డ్ ఫొటోలు తీశాడు. అందులో 18వ సంఖ్య గల బొమ్మను బరో-జైల్స్ అనే లితోగ్రాఫు సంస్థ అనుమతి లేకుండా అచ్చువేసింది. లెక్కతేలిన ప్రతులే 85,000. సరోనీ దావా వేశాడు. యంత్రం ఉన్నదానిని ఉన్నట్టు దించుతుంది, ఇందులో రచన ఎక్కడిది అని ప్రతివాదుల వాదన. కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, తెరలు, వెలుగునీడల అమరిక, ముఖంలో రప్పించిన భావం, ఇవన్నీ సరోనీ బుద్ధినుండి పుట్టినవేనని 1884 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అతనికి దక్కిన సొమ్ము 610 డాలర్లు. ఆ 85,000తో భాగించి చూడండి, ప్రతికి ఒక సెంటు కూడా రాదు. కాని ఫొటోగ్రాఫరు 'కర్త' అన్న మాట ఆ తీర్పుతో నిలబడింది.

ఆ రోజుల్లోనే మన సికింద్రాబాదులో లాలా దీన్‌దయాళ్ స్టూడియో తెరిచారు. ఆరవ నిజాముకు ఆస్థాన ఛాయాగ్రాహకులై 'రాజా' బిరుదు పొందారు. దర్బారు కోరగా తీసినవి కొన్ని, తామే తిరిగి తీసి, ప్రతులు అమ్మినవి కొన్ని. ఆయన గాజు నెగెటివులు ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఒకరు అడగగా తీసిన బొమ్మ, తనంతట తాను తీసిన బొమ్మ, చూడడానికి రెండూ ఒకటే. చట్టం కంటికి మాత్రం ఒకటి కావు.

ఎందుకంటే 1862 నాటి బ్రిటిషు చట్టంలోనే ఒక మెలిక ఉంది. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, తీసినవాడికి దక్కదు. ఆ మెలిక 1911 చట్టంలోకి, దానిద్వారా మన దేశంలోకి, ఆపైన మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షనులోకి నడిచివచ్చింది. విచిత్రమేమంటే బ్రిటిషువారు తమ 1988 చట్టంలో దానిని వదిలేశారు. మనం ఇంకా వదలలేదు.

ఇక వెల సంగతి. 1947లో రాబర్ట్ కాపా, కార్టియే-బ్రెసో, జార్జ్ రోడ్జర్, డేవిడ్ సీమూర్ కలిసి మాగ్నం అనే సహకార సంస్థను స్థాపించారు. హక్కు తీసినవాడి దగ్గరే ఉంటుంది, పత్రికకు ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అన్నది వారి మూలసూత్రం. పొలం అమ్మడానికీ కౌలుకివ్వడానికీ ఉన్నంత తేడా ఇది. కౌలు నిర్ణయించేటప్పుడు ఏ పంట, ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్ళు అని చూస్తాం కదా! అలాగే ఎక్కడ వేస్తారు, ఎంత పరిమాణంలో, ఎన్ని ప్రతులు, ఎంతకాలం, ఏయే ప్రాంతాల్లో, ఇతరులకు ఇవ్వకూడదన్న షరతు ఉందా అన్నవాటినిబట్టి బొమ్మ వెల కట్టే పద్ధతి స్థిరపడింది. ఒకే బొమ్మ పాఠ్యపుస్తకంలో మూలకు వేస్తే ఒక ధర, దేశమంతా తిరిగే ఎరువుల బస్తామీద వేస్తే మరొక ధర.

1990ల్లో ఒకసారి డబ్బు కట్టి ఎన్నిసార్లయినా వాడుకోగల బొమ్మలు సీడీల్లో వచ్చాయి. 2000లో ఐస్టాక్‌ఫొటో పుట్టింది. 2006లో గెట్టీ దానిని 5 కోట్ల డాలర్లకు కొనేసింది. 2019లో అదే గెట్టీ, వాణిజ్య చిత్రాల విషయంలో కౌలు లెక్కన ధర కట్టే పద్ధతికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. సూర్యాస్తమయాల బొమ్మలు లక్షలాదిగా దొరుకుతుంటే ధర పడిపోవడం సహజమే. కాని కాలిపోయిన రథాన్ని మళ్ళీ ఎవరూ ఫొటో తీయలేరు. అరుదైనదానికి పాత లెక్కే నేటికీ వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇన్ని తెలిశాక నేను చేసినది ఒక్కటే. అటకమీది రేకుపెట్టె దింపి వెతికాను. నెగెటివు కవరుమీద నాన్నగారి గుండ్రని చేతిరాతలో తేదీ ఉంది, 1982 ఫిబ్రవరి. రసీదు పుస్తకంలో ఆ సంస్థ పేరిట ఉన్నది 1983 నవంబరు తేదీ, "రథం ఫొటో 1, రూ. 75". అంతే. అంటే వారు అడిగి తీయించుకున్న బొమ్మ కాదది. ఎవరూ అడగకుండానే తెల్లవారుజామున వెళ్ళి, ఇసుకలో నిలబడి తీసుకున్నది. కనుక 17వ సెక్షనులోని మెలిక దానికి తగలదు. హక్కు బదిలీ కావాలంటే కాగితంమీద సంతకం ఉండాలని 19వ సెక్షను చెబుతుంది. అటువంటి కాగితం మా పెట్టెలో లేదు, వారివద్దా లేదు. ఒకవేళ ఉన్నా, గడువు రాయకపోతే అది అయిదేళ్ళేనని 1994 సవరణ తరువాతి చట్టం అంటోంది. 2012 సవరణతో ఫొటోలకూ కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళ హక్కు వచ్చింది. నాన్నగారు లేరు, ఆయన హక్కు ఉంది.

ఈ సంగతులే వినయంగా ఉత్తరం రాశాను. ఒక్క క్యాలెండరుకు, ఒక్క సంవత్సరానికి, 5000 ప్రతులకు, 20,000 రూపాయలు అడిగాను. నెల్లాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. తరువాత 12,000 అన్నారు. ఒప్పుకున్నాను. తగ్గించనిది ఒక్క షరతే, బొమ్మ కింద నాన్నగారి పేరు. వారసులం గనుక అమ్మా, చెల్లెలూ, నేనూ ముగ్గురం సంతకాలు చేశాం.

క్యాలెండరు వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రథాన్ని చూడలేదు. కింద ఉన్న సన్నని అక్షరాలను వేలితో తడిమి చదువుకుంది. "ఆయన ఉండగా అడగవలసింది రా" అంది. నిజమే. కాని అడగవచ్చునని అప్పుడు ఆయనకు తెలియదు, మాకూ తెలియదు.

మీలో చాలామంది కెమెరా పట్టుకున్నవారే. ఎవరైనా మీ బొమ్మ అడిగితే, ఉచితంగా ఇచ్చినా సరే, దేనికి, ఎంతకాలానికి ఇస్తున్నారో రెండు ముక్కలు కాగితంమీద పెట్టండి. మీ ఇళ్ళలో పాత స్టూడియోల కవర్లుంటే వాటిమీది తేదీలను చెరిపేయకండి. మీకు ఇటువంటి అనుభవాలుంటే తప్పక రాయగలరు.