'మస్ట్ నాట్' అంటే 'అక్కర్లేదు' కాదు

ఆంగ్లంలో 'మస్ట్' అంటే 'తప్పనిసరిగా చేయాలి' అని ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం చెప్పగలడు. ఆ మాట పక్కన 'నాట్' వచ్చి చేరితే ఏమవుతుందన్న దగ్గరే చిక్కంతా ఉంది. 'తప్పనిసరి'కి 'కాదు' తగిలించి 'తప్పనిసరి కాదు' అని అర్థం చెప్పుకొనేవారు డిగ్రీ పూర్తి చేసిన వారిలోనూ తక్కువేమీ కాదు. లెక్క ప్రకారం అది సరిగానే కనిపిస్తుంది. భాష మాత్రం ఆ లెక్కకు లొంగదు. 'మస్ట్ నాట్' అనేది మినహాయింపు కాదు, గట్టి నిషేధం.

ఒక మందు సీసాపై 'మస్ట్ నాట్ బి టేకెన్ విత్ ఆల్కహాల్' అని ముద్రించి ఉందనుకుందాం. పై లెక్కతో చదివితే 'మద్యంతో కలిపి పుచ్చుకోవడం తప్పనిసరి కాదు' అని వస్తుంది. ఇది నవ్వు తెప్పించే అనువాదమే గానీ, ఆ సీసా చేతిలో ఉన్నవారికి నవ్వులాట కాదు. 'మద్యంతో కలిపి ఎట్టి పరిస్థితుల్లోనూ పుచ్చుకోరాదు' అన్నది దాని అసలు భావం. ఇక 'నీడ్ నాట్ బి టేకెన్ విత్ ఫుడ్' అని ఉంటే, భోజనంతోపాటు వేసుకోనక్కరలేదు, వేసుకున్నా ఇబ్బంది లేదు అని. రెండింటిలోనూ 'నాట్' ఒక్కటే. ఒకటి దారి మూసివేస్తుంది, రెండోది దారి తెరిచి ఉంచుతుంది.

దీనికి కారణం 'నాట్' దేనికి అంటుకుంటుందన్నదే. 'మస్ట్ నాట్ గో' అన్నప్పుడు 'నాట్' అసలు క్రియ అయిన 'గో'కు చెందుతుంది. అంటే 'వెళ్లకుండా ఉండటం' తప్పనిసరి. 'నీడ్ నాట్ గో' అన్నప్పుడు అది 'నీడ్'కు చెందుతుంది. అంటే వెళ్లవలసిన అవసరమే లేదు. 1985లో వెలువడిన క్విర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌ల బృహద్వ్యాకరణం ఈ భేదాన్నే సహాయక క్రియకు వచ్చే నిషేధం, ప్రధాన క్రియకు వచ్చే నిషేధం అని వేరుచేసి వివరించింది. ఈ తడబాటు మనవారికే పరిమితం కాదు. జర్మన్ భాషలో 'మస్ట్'కు తోబుట్టువైన 'ముస్సెన్' అనే క్రియకు నిషేధం చేర్చితే 'అక్కరలేదు' అనే అర్థమే వస్తుంది. అందుచేత ఆంగ్లం నేర్చుకునే జర్మన్లూ ఇక్కడే కాలుజారుతుంటారు.

తెలుగువారికి మాత్రం దీన్ని గుర్తుంచుకునే కిటుకు ఇంట్లోనే ఉంది. నేడు మనం 'చేయాలి' అంటున్నది పూర్వం 'చేయవలెను'. ఆ 'వలెను'కు వ్యతిరేక రూపం 'వలదు'. అదే కాలక్రమంలో 'వద్దు' అయింది. 'చేయవలెను' అంటే విధి, 'చేయవలదు' అంటే నిషేధం. 'చేయనక్కరలేదు' అనే అర్థం దానికి ఏనాడూ లేదు. ఆంగ్లంలో 'మస్ట్', 'మస్ట్ నాట్' జంట నడిచేదీ అచ్చంగా ఈ దారినే. కనుక 'మస్ట్ నాట్' కనిపించినప్పుడల్లా 'వద్దు', 'కూడదు', 'రాదు' అనే మాటల్లో ఏదో ఒకటి మనసులో పెట్టుకోవాలి. 'అక్కరలేదు', 'అవసరం లేదు', 'చేయాల్సిన పనిలేదు' అనదలచినప్పుడు 'నీడ్ నాట్' గానీ 'డోంట్ హావ్ టు' గానీ వాడాలి. పదానికి పదం అర్థం బట్టీ పట్టడం కంటే పూర్తి తెలుగు రూపాన్ని పూర్తి ఆంగ్ల రూపంతో జతచేసుకోవడం మేలు.

ప్రశ్న, జవాబుల్లో ఈ భేదం మరింత బయటపడుతుంది. 'మస్ట్ ఐ కమ్ టుమారో?' అని ఉద్యోగి అడిగాడు. రానక్కరలేదని చెప్పదలచిన అధికారి 'నో, యు నీడ్ నాట్' అనాలి. 'నో, యు మస్ట్ నాట్' అన్నాడంటే రేపు కార్యాలయం గడప తొక్కవద్దని హుకుం జారీ చేసినట్లే! ఇంటర్వ్యూ పిలుపు లేఖల్లో 'యు నీడ్ నాట్ బ్రింగ్ ది ఒరిజినల్స్' అని ఉంటే అసలు ధ్రువపత్రాలు తేనక్కరలేదని భావం. తీసుకువెళ్లినా ఎవరూ తప్పుపట్టరు. పరీక్ష సూచనల్లో 'క్యాండిడేట్స్ మస్ట్ నాట్ రైట్ దెయిర్ నేమ్స్' అని ఉన్నప్పుడు మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ పేరు రాయడం నిబంధనను ఉల్లంఘించడమే.

'నీడ్ నాట్'లో మరో మెలిక ఉంది. ఈ వాడుకలో కర్త 'హి' అయినా 'షి' అయినా క్రియకు చివర 'స్' చేరదు. 'హి నీడ్ నాట్ కమ్' సరైనది, 'హి నీడ్స్ నాట్ కమ్' తప్పు. 'స్' కావాలనుకుంటే 'హి డజ్ నాట్ నీడ్ టు కమ్' అనే వేరే నిర్మాణానికి మారాలి. అమెరికాలో సంభాషణల్లో ఎక్కువగా వినిపించేవి 'డోంట్ హావ్ టు', 'డోంట్ నీడ్ టు'. 'నీడెంట్' బ్రిటిష్ ఆంగ్లంలో ఎక్కువ. భూతకాలానికి వస్తే 'మస్ట్ నాట్' చేతులెత్తేస్తుంది. నిన్న వెళ్లకూడదన్న ఆంక్ష ఉండేదని చెప్పాలంటే 'వజ్ నాట్ అలౌడ్ టు గో' వంటి మాటను ఆశ్రయించాల్సిందే. 'నీడెంట్ హావ్ గాన్' అంటే వెళ్లనక్కరలేకపోయినా వెళ్లాడని, శ్రమ వృథా అయిందని అర్థం. 'డిడ్ నాట్ నీడ్ టు గో' అంటే అవసరం లేకపోయిందని మాత్రమే తెలుస్తుంది. వెళ్లాడో లేదో ఆ వాక్యం చెప్పదు.

'మస్ట్ నాట్'కూ 'షుడ్ నాట్'కూ మధ్య దూరం ఎంతో తెలియాలంటే బ్రిటన్ రహదారి నియమావళిని చూడాలి. 1931లో తొలిసారి వెలువడిన ఈ 'హైవే కోడ్'లో 'మస్ట్ నాట్' అని ఉన్న ప్రతి నియమం వెనుకా చట్టం ఉంటుంది. దాన్ని మీరితే నేరం. 'షుడ్ నాట్' అన్నవి సలహాలు. వాటిని పాటించకపోవడం తనంతట తాను నేరం కాకపోయినా, ప్రమాదం జరిగి కేసు న్యాయస్థానానికి వెళ్లినప్పుడు ఆ విషయాన్ని డ్రైవరుకు వ్యతిరేకంగా చూపవచ్చని 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం చెబుతోంది. అక్కడ లైసెన్సు కోసం రాత పరీక్షకు సిద్ధమయ్యే మన పిల్లలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ సంగతి మరో రూపంలో ఎదురవుతుంది. అంతర్జాల ప్రమాణాలు రాసే పత్రాల్లో ఏ మాటకు ఎంత బలమో నిర్దేశిస్తూ 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ 'ఆర్ఎఫ్‌సీ 2119' అనే చిన్న పత్రం రూపొందించారు. దాని ప్రకారం 'మస్ట్ నాట్', 'షల్ నాట్' సంపూర్ణ నిషేధాలు. 'షుడ్ నాట్' అంటే సాధారణంగా చేయరాదు, అయితే తగిన కారణం ఉండి, పర్యవసానాలన్నీ ఆలోచించుకున్న తరువాత చేయవచ్చు. పెద్ద అక్షరాల్లో ఉన్నప్పుడే ఈ మాటలకు ఆ ప్రత్యేకార్థం ఉంటుందని 2017లో మరో పత్రం స్పష్టం చేసింది. వ్యాకరణం తరగతి గది దాటి ఇంత దూరం ప్రయాణిస్తుందని చాలామంది ఊహించరు.

'మే నాట్' మరీ గడుసుది. 'యు మే నాట్ లీవ్' అంటే వెళ్లడానికి అనుమతి లేదని. 'హి మే నాట్ లీవ్' అంటే ఎక్కువ సందర్భాల్లో అతడు వెళ్లకపోవచ్చునని. తెలుగులో 'వెళ్లరాదు', 'వెళ్లకపోవచ్చు' అని రెండు వేర్వేరు రూపాలుండగా ఆంగ్లం ఒక్కదానితోనే సరిపెట్టుకుంది. ఒప్పంద పత్రాల్లో ఇది కనిపిస్తే భావమేమిటో రాసినవారినే అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

మర్యాదకు సంబంధించిన వాడుకలూ ఉన్నాయి. బహుమతి అందుకుంటూ 'యు షుడెంట్ హావ్' అంటే మీరు తప్పు చేశారని కాదు. మన ఇళ్లలో 'ఎందుకండీ ఇవన్నీ' అంటూనే చేయి చాచి అందుకుంటాం కదా, అదే ఇది. 'ఐ కుడెంట్ అగ్రీ మోర్' అని ఎదుటివారు అంటే మీ మాట కాదన్నారని నొచ్చుకోనవసరం లేదు. ఇంతకంటే ఎక్కువగా ఏకీభవించడం తమకు సాధ్యం కాదని వారి భావం.

ఇక చెవికి సంబంధించిన విషయం. 'మస్ట్ నాట్'ను కుదించి పలికేటప్పుడు మధ్యలోని 'ట' వినిపించదు, 'మసెంట్' అన్నట్లుగా ఉంటుంది. 'కెన్', 'కాంట్'ల గొడవ ఇంతకంటే పెద్దది. అమెరికన్లు 'కాంట్'ను 'క్యాంట్' అని పలుకుతూ చివరి 'ట'ను మింగేస్తారు. అయితే ఒక ఆనవాలు ఉంది. చేయగలనన్నప్పుడు 'కెన్' తేలిపోయి 'కన్' అన్నట్లు వినిపిస్తుంది, ఊనిక తరువాతి క్రియపై పడుతుంది. చేయలేనన్నప్పుడు ఊనిక 'క్యాంట్' పైనే నిలుస్తుంది. టెలిఫోన్ ఇంటర్వ్యూల్లో మనం చెప్పేటప్పుడు ఈ సందిగ్ధానికి తావివ్వకుండా 'కెనాట్' అని పూర్తిగా పలికితే సరిపోతుంది.