ఏ పని ముందు? ఏ పని వెనుక?

పల్నాటి నల్లరేగడిలో మిరప వేయు రైతు మనసులోనే ఒక లెక్క వేసికొనును. నారు ఎదుగుటకు 40 రోజులు, దుక్కి దున్ని చేను సిద్ధము చేయుటకు 15 రోజులు, ఎరువులు తెచ్చుటకు 5 రోజులు పట్టుననుకొందము. మూడు పనులును ఒకేసారి మొదలైనచో నాట్లకు 60 రోజులు ఆగనక్కరలేదు, 40 రోజులు చాలును. దుక్కి 10 రోజులు ఆలస్యమైనను నష్టము లేదు. నారు వారము ఆలస్యమైనచో నాట్లును వారము వెనుకబడును. ఏ ఆలస్యము సహింపదగినది, ఏది కాదు అని తెలిసికొనుటయే పనుల ప్రణాళికకు ప్రాణము.

ఈ మైదానములకు కుడి కాలువ ద్వారా నీరిచ్చు నాగార్జునసాగరు కట్టునపుడు ఇట్టి ప్రశ్నయే పెద్ద యెత్తున ఎదురైనది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిరి. జలాశయములో మునుగబోవు లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, బౌద్ధ స్తూపములు, విహారములు ఉండెను. ఆనకట్ట పని కొన్నాళ్లు ఆగినను మరల సాగించవచ్చును. కాని నీరు నిండిన పిమ్మట త్రవ్వకము సాగదు. కావున భారత పురాతత్త్వ శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపినది. కొన్ని కట్టడములను కొండమీదను, మరికొన్నిటిని అనుపు వద్దను తిరిగి నిలిపిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి.

శంకుస్థాపన నాటికి పనులను చూపుటకు ప్రసిద్ధమైన సాధనము గాంట్ పటము. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910 తరువాతి సంవత్సరములలో దానిని ప్రచారములోనికి తెచ్చెను. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అడ్డగీత; గీత పొడవే పనికి పట్టు కాలము. చూచుటకు సులభమే గాని, ఏ పని దేనిపై ఆధారపడినదో ఆ గీతలు చెప్పవు.

ఆ లోపమును తీర్చు పద్ధతులు సాగరు పనులు జరుగుచున్న కాలముననే పుట్టినవి. 1957లో డ్యుపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కీలక మార్గ పద్ధతిని రూపొందించిరి. పనులను బాణములతో కలిపి, అన్నిటికంటె పొడవైన దారిని కనుగొనుటయే దాని సారము. మన మిరప లెక్కలో ఆ దారి నారుమడి గుండా పోవును. 1958లో అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణి కొరకు పెర్ట్ పద్ధతిని చేపట్టెను. పనికి పట్టు కాలము నిశ్చయముగా తెలియనపుడు ఇది ఉపకరించును. ఒక పనికి తక్కువలో తక్కువ 4 రోజులు, సాధారణముగా 7, ఎక్కువలో ఎక్కువ 16 పట్టవచ్చుననుకొందము. మధ్య సంఖ్యను 4తో హెచ్చవేసి, మిగిలిన రెండును కలిపి, 6తో భాగించిన 8 రోజులు వచ్చును.

ఇట్టి లెక్కలకు నాడు గదినిండు కంప్యూటర్లు కావలసివచ్చెను. 1984లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాటిని బల్లమీది కంప్యూటరులోనికి తెచ్చెను. 2002లో జిరా, 2011లో ట్రెల్లో వచ్చినవి. ఒక వస్తువును ఏ దశలలో ఎట్లు మెరుగుపరచవలెనో చూపు పటమును నేటి కంపెనీలు రోడ్‌మ్యాప్ అనుచున్నవి. రోడ్‌మ్యాప్ గమ్యమును చూపును; పనుల పట్టిక రేపు ఉదయము ఎవరేమి చేయవలెనో చెప్పును. రెండింటిని కలుపు సాఫ్ట్‌వేరు ఏదో ఎన్నుకొనుట నేటి చిక్కు.

ప్రకటనలు చూచి దానిని ఎన్నుకొనరాదు. బడిలో జరిగిన సైన్సు ప్రదర్శన పనులనే అందులో వ్రాసి చూడుడు. ఒక పనిని 5 రోజులు వెనుకకు జరిపినపుడు, దానిపై ఆధారపడిన పనుల తేదీలును జరుగుచున్నవా? జరగనిచో అది పట్టికయే గాని ప్రణాళిక కాదు. పనులు ఒకదానిపై నొకటి ఆధారపడనిచోట పట్టికయే చాలును, దానికై అధికముగా వెచ్చించుట వృథా. పనిచేయువారు ప్రతిదినము అందు వివరములు నింపగలరా? వ్రాసిన సమాచారమును రేపు వేరొక సాధనములోనికి తీసికొనిపోవచ్చునా? ఈ ప్రశ్నలకును సమాధానము దొరకవలెను.

ఏ యంత్రమైనను మనము చెప్పిన క్రమమునే లెక్క కట్టును. నీటికి ముందు త్రవ్వకము ముగియవలెనని నిశ్చయించినది మనుష్యులే. ఆ నిశ్చయము సకాలమున జరిగినందుననే నేడు మనము పడవ నెక్కి నాగార్జునకొండపై ఆ శిలలను చూడగలుగుచున్నాము.